జర్మన్ బావి దాకా

మా అమ్మ తండ్రి జర్మనీ దేశస్థుడు. ఈ మాట చెబితే మా కాకినాడలో కొత్తవాళ్ళు ముందు నా మొహంలోకి చూస్తారు, ఆ తర్వాత నవ్వుతారు. నేను చామనఛాయ మనిషిని. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాలో జర్మనీ ఎక్కడుందో నాకే తెలీదు.

ఆయన పేరు ఒట్టో వెబర్. బియ్యం మిల్లులకు ఇంజన్లు బిగించే పనిమీద ఓడ దిగి, ఇక్కడే ఉండిపోయి, మా అమ్మమ్మ మార్తమ్మను చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. అమ్మకు నాలుగేళ్ళు వచ్చేసరికి నైజాం రాజ్యంలో ఏదో ఇంజను పని ఒప్పుకుని వెళ్ళాడు. రెండు నెలల్లో వస్తానన్నవాడు రాలేదు. ఒక ఉత్తరం వచ్చింది, తర్వాత అదీ లేదు. రెండేళ్ళకు జర్మనీతో యుద్ధం మొదలైంది. ఇంక ఊరి నోటికి అడ్డేముంది? యుద్ధం సంగతి ముందే తెలిసి పారిపోయాడని కొందరు, సొంత దేశంలో అప్పటికే పెళ్ళాం పిల్లలున్నారని కొందరు. భర్త ఉన్నాడో లేడో తేలకుండానే అమ్మమ్మ కన్నుమూసింది.

అమ్మ అయితే, "నన్నొదిలేసి పోయినోడి గొడవ నాకెందుకే" అనేది. నా చిన్నప్పట్నుంచీ ఆ ఒక్క మాటే. కిందటి వానాకాలం జ్వరంతో మంచం పట్టి లేచాక తీరు మారింది. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేసి, "నాన్న ఎందుకు రాలేదంటావు రత్నం?" అని అడగడం మొదలుపెట్టింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి నాలుగేళ్ళ పిల్లలా అడిగేది. సగం అన్నం అలాగే వదిలేసి లేచిపోయేది.

మాకున్న ఆధారం ఒక ఖాళీ కవరు. లోపలి ఉత్తరం ఎప్పుడో పోయింది. స్టాంపు కూడా ఎవరో ఊడదీసుకున్నారు. తపాలా ముద్రలు రెండు. ఒకటి అలుక్కుపోయింది, రెండోది ఉర్దూలో ఉంది. మా స్కూల్లో ఉర్దూ చెప్పే టీచరు భూతద్దం పెట్టి చూసి, "ఆర్మూర్" అని చదివింది. అట్లాసులో వెతికితే నిజామాబాదు పక్కన ఆవగింజంత చుక్క.

1986 మార్చిలో సెలవు పెట్టి బయల్దేరాను. ఆ వైపు వెళ్ళినవాళ్ళు మా బంధువుల్లో లేరు, మీలోనూ తక్కువే ఉంటారు. అందుకని చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నిజామాబాదు

పాత కాగితాల గది ముందున్న గుమాస్తా నా మాటంతా ఓపిగ్గా విన్నాడు. విని, కుర్చీ చూపించి, చాయ్ తెప్పించాడు. మా వైపు ఆఫీసుల్లో పని అయ్యాక కాఫీ, అదీ మన డబ్బుతో. ఇక్కడ పని అవదని చెప్పేముందు చాయ్, అదీ వాళ్ళ డబ్బుతో.

"డెబ్భై ఏండ్ల కిందియా మేడం? గప్పటియన్నీ ఉర్దూల ఉంటయ్. సగం పట్నం పోయినయ్, సగం చెదలు తిన్నయ్. గింత దూరం ఎందుకొచ్చిన్రు? ఒక కార్డు రాస్తే నేనే లేవని రాస్తుంటి గదా."

అతని గొంతులో వెటకారం లేదు. నా బస్సు చార్జీల గురించి నిజంగానే బాధపడుతున్నాడు.

డిచ్‌పల్లి వైపు పాత క్రైస్తవ దవాఖాన ఒకటుందంటే మధ్యాహ్నం అక్కడికీ వెళ్ళాను. క్రైస్తవుడు గనక చనిపోయి ఉంటే అక్కడి సమాధుల పుస్తకంలో ఉంటాడని ఆశ. ముసలి నర్సమ్మ పుస్తకం తీసి, మొదటి పేజీ మీద వేలు పెట్టి చూపించింది. ఆ పుస్తకం తాతయ్య వెళ్ళిన మూడేళ్ళ తర్వాత మొదలైంది. "ముందుటి పుస్తకం లేదమ్మా" అంది. ఉందో లేదో తెలీకపోవడం ఒక బాధ, లేదని తేలిపోవడం ఇంకో బాధ.

బస్టాండు పక్కన జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను. మూడు రూపాయలు. రొట్టె తుంచడం నాకు చేతకాలేదు. చేసిపెట్టినావిడ కాసేపు చూసి, తానే ముక్కలు చేసి కూరలో నానబెట్టి ఇచ్చింది. అన్నం లేని భోజనం భోజనమే కాదని పెరిగినదాన్ని, అయినా కడుపు నిండింది.

ఆర్మూరు

ఊరి పక్కన నల్లటి రాళ్ళ గుట్ట. ఒక రాయి మీద ఇంకో రాయి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేలా కనిపిస్తాయి. ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయని బస్సులో పక్కావిణ్ణి అడిగితే, "మా పెండ్లి కాకముందుకెల్లి" అంది.

పసుపు మార్కెట్లోకి అడుగు పెట్టగానే తుమ్ములు పట్టుకున్నాయి. కొమ్ములు ఒక వైపు, దుంపలు ఒక వైపు, నడుమెత్తు రాశులు. హమాలీల కనుబొమలు కూడా పచ్చగా ఉన్నాయి. మా ఇళ్ళల్లో పసుపు పోపుల పెట్టెలో చిన్న గిన్నెడు. ఇక్కడ దాని మీద నడుస్తున్నారు, పడుకుంటున్నారు. నేనూ కాళ్ళు నొప్పి పుట్టి ఒక బస్తా మీద కూచున్నాను. తెల్ల చీర. అది తప్పేనని లాడ్జికి వచ్చాక తెలిసింది. సబ్బు పెట్టి రుద్దితే పచ్చ మరక కాస్తా రక్తం రంగుకు తిరిగింది. లాడ్జి ఊడ్చే ఆవిడ చూసి, "ఫికర్ చెయ్యకు అక్కా, ఎండల ఎయ్యి, అదే పోతది" అంది. రెండెండలకు నిజంగానే పోయింది.

చీర సంగతి సరే. మార్కెట్లో పెద్ద వయసువాళ్ళందర్నీ ఒకే ప్రశ్న అడుగుతూ తిరిగాను: "పూర్వం ఇక్కడికి జర్మన్ ఆయన ఒకరు వచ్చారటండి, విన్నారా?" తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకాయన నా ప్రశ్న పూర్తిగా వినకుండానే చెయ్యెత్తి చూపించాడు. "జర్మనా? గా గల్లీల పోన్రి. మస్తు దుకాన్లున్నయ్."

నాలుగు అడుగుల్లో ఉంది మా తాతయ్య జాడ అనుకుని పరుగులాంటి నడకతో వెళ్ళాను.

గిన్నెల గల్లీ

గల్లీ నిండా అల్యూమినియం గిన్నెలు. మేం సత్తు గిన్నెలనేవాటిని ఇక్కడ జర్మన్ గిన్నెలంటారు.

"జర్మన్ గావాలెనా అమ్మా? రాన్రి, కూసోన్రి," అన్నాడు మొదటి దుకాణం ఆసామి. పేరు యాదగిరి అని తర్వాత తెలిసింది. "గిది నంబర్ వన్. ఎన్నేండ్లు తోమినా సొట్ట వడది."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "గిన్నె కాదండి. మనిషి. మా తాతగారు. జర్మనీ నుంచి వచ్చిన ఇంజన్ మిస్త్రీ" అన్నాను.

అతను నవ్వలేదు. చేతిలో గిన్నె కింద పెట్టాడు. "మనిషైతే నాకు ఎరుకలేదు. బాయి అయితే ఉన్నది."

"బాయా?"

"నీళ్ళ బాయి అమ్మా. వేల్పూర్ అవతల, మా అత్తగారి ఊరి శివార్ల. జర్మన్ బాయి అంటరు. గిన్నె లెక్క గుండ్రంగ ఉంటది, గందుకే గా పేరు వెట్టిన్రని నేను ఇన్నేండ్లు అనుకున్న." కాసేపు ఆలోచించి, మళ్ళీ అన్నాడు. "గా బాయి గడ్డ మీద ఇనుప బోల్టులు సుత ఉంటయ్. గిన్నెకు బోల్టులు ఎందుకుంటయ్, చెప్పున్రి?"

వేల్పూరులో నర్సింగరావు పంతులని పాత పట్వారీ ఉన్నాడని, ఆ చుట్టుపక్కల పాత సంగతులు ఆయనకే తెలుసని చెప్పింది కూడా యాదగిరే. మొహమాటానికి నేనొక గిన్నె కొనబోతే, "మీ పని కానియ్యి అమ్మా, గిన్నె ఏడికి పోతది" అని వాపసు తీసుకున్నాడు.

వేల్పూరు

పట్వారీ అంటే మా వైపు కరణం. నర్సింగరావు గారికి డెబ్భై దాటాయి. మంచినీళ్ళు ఇచ్చి, నేను తాగేదాకా నోరు తెరవనివ్వలేదు.

"ఇప్పుడు చెప్పు అమ్మా."

చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి ఒక పాత గోనెసంచి ఈడ్చుకొచ్చాడు.

"రెండేండ్ల కింద సర్కారు మా కొలువులు తీసేసింది. ఊరు ఊరంతా పండుగ చేసుకున్నది. వాళ్ళను అనెటట్టు లేదు, మా తప్పులు మాకున్నయి. పుస్తకాలన్నీ అప్పజెప్పమన్నరు, అప్పజెప్పిన. చెదలు వట్టినయి మాత్రం వద్దన్నరు. ఎట్ల పారేస్త? మా తాత చేతిరాత. గప్పటి పోలీసు పటేల్‌కు చదువు రాకపోయేది. చావులు, పుట్టుకలు అన్నీ మా తాతనే రాసిపెట్టెటోడు."

అట్టలు లేని పుస్తకాలు. పేజీ తిప్పితే పొడి రాలుతోంది. ఆయన కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చదువుతుంటే నేను ఎదురుగా కూచుని ఆ వేలినే చూశాను. గంట గడిచింది. లోపలినుంచి ఆయన భార్య రెండుసార్లు తొంగి చూసి వెళ్ళింది.

వేలు ఆగింది.

"ఫిరంగీ, అంటే తెల్లోడు, ఇంజన్‌వాలా," అన్నాడు. "పేరు... వీబర్ అన్న అనొచ్చు, వేబర్ అన్న అనొచ్చు."

నేను తలూపాను.

"బీమారి, హైజా. అంటే గత్తర. మీ దిక్కు కలరా అంటరు." ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "వారసులు... బీవీ ఏక్, లడకీ ఏక్. భార్య ఒకతె, బిడ్డ ఒకతె అని. చావుకు ముందుగాల తనే చెప్పిండట. ముకామ్, అంటే ఉండే ఊరు... ఇది సమజ్ అయితలేదు. కూ... కనా... డా. కన్నడ దేశమా?"

"కోకనాడ" అన్నాను. "కాకినాడని అప్పట్లో దొరలు కోకనాడ అనేవారండి."

ఆయన ఆ పక్కన అంచులో ఉన్న చిన్న రాతను మళ్ళీ చదివి, కళ్ళజోడు తీసేశాడు. "మా తాత సుత కన్నడ అనే అనుకున్నడమ్మా. ఇక్కడ రాసిండు. రాయచూర్ దిక్కు కబురు పంపినం, జవాబ్ రాలే అని."

కబురు పంపారు. అది పడమటికి పోయింది. మేం తూర్పున ఎదురుచూశాం.

"మా తాత తరఫున నేను మాఫీ అడుగుతున్న," అన్నాడు నర్సింగరావు గారు.

ఆయనమీద కోపం రావాల్సిందేమో. రాలేదు. డెబ్భై ఏళ్ళుగా మా ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్న మాట ఒకటి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయినట్టుంది నాకు. పారిపోయినవాడు చచ్చిపోతూ పెళ్ళాన్నీ బిడ్డనీ వాళ్ళుండే ఊరినీ రాయించడు.

"మీ తాతగారు రాయకపోతే నాకు ఈ మాత్రం కూడా దొరికేది కాదండి" అన్నాను.

ఆ నాలుగు పంక్తులూ తెలుగులో రాసివ్వమని అడిగాను. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. సంతకం చేసి, అలవాటుగా ముద్ర కోసం పక్కకు చెయ్యి చాపి, అక్కడేమీ లేదని గుర్తొచ్చి, నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

"గా బాయి ఉన్న ఊర్ల ఆయనను చూసినోళ్ళు ఒక్కరే మిగిలిన్రు," అన్నాడు. "పోదమా?"

లసుమవ్వ ఇల్లు

దారి పొడవునా చేలల్లో పసుపు ఉడకబెడుతున్నారు. పెద్ద పెద్ద కడాయిల నుంచి ఆవిరి లేచి దారికి అడ్డం పడుతోంది. తడి మట్టి వాసన, ఘాటు వాసన కలిసి తలలోకి ఎక్కాయి. పసుపు ఎండబెట్టిన చేలు దూరం నుంచి దుప్పట్లు పరిచినట్టున్నాయి.

లసుమవ్వ అరుగు మీద కోడలితో కలిసి బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, పొగాకు. ఎనభై దాటిన మనిషి. వేళ్ళు మాత్రం ఆమె వయసు సంగతి తెలియనట్టు తిరుగుతున్నాయి. పంతులు గారు నేనెవరో చెప్పగానే ఆ వేళ్ళు ఆగాయి.

"ఏబరు దొర మనుమరాలివా బిడ్డా? గప్పుడు నాకు ఎనిమిదేండ్లు." నన్ను పైకీ కిందికీ చూసింది. "మా దేశ్‌ముఖ్ దొర పసుపు చేన్లకు నీళ్ళు తోడనీకి ఇంజన్ తెప్పిచ్చిండు. దానెంబడి వచ్చిండు ఏబరు దొర. మంచోడు. తెలుగు మాట్లాడుతుండె గని మాకు నవ్వొచ్చేది, మా లెక్క గాదు. ఏమడిగినా 'ఆయ్' అనేటోడు. బువ్వ తిన్నవా దొరా అంటే ఆయ్. ఇంజన్ నడుస్తదా అంటే ఆయ్. పోరగాండ్లందరం 'ఆయ్ దొర, ఆయ్ దొర' అని ఎంబడి వడేటోళ్ళం."

నేను అరుగు అంచున కూచున్నాను. మా గోదావరి జిల్లాలవాళ్ళని ఎక్కడున్నా పట్టిచ్చేది ఆ మాటే. పెద్దవాళ్ళు అడిగితే మేం అవునని అనం, ఆయ్ అంటాం. ఆ మాట ఆయన జర్మనీ నుంచి తెచ్చుకున్నది కాదు. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది.

"ఏందమ్మా, నీళ్ళు గావాలెనా?" అంది కోడలు.

"ఆయ్" అన్నాను, ఆలోచించకుండానే.

లసుమవ్వ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "గట్లనే. అచ్చం గట్లనే అనేటోడు."

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆమె మాటల్లో 'అవ్వ' అంటే కన్నతల్లి. మా వైపు అమ్మమ్మని అంటాం, అందుకని మొదట తికమకపడ్డాను.

"గత్తర వచ్చింది బిడ్డా. గడిల ఉన్న దేశ్‌ముఖ్ దొరోళ్ళు బండ్లు కట్టుకొని పోయిన్రు. ఊరోళ్ళం చేన్లల్ల గుడిసెలేసుకున్నం. ఏబరు దొరను సుత పొమ్మన్నరు. ఇంకొక్క దినం పని ఉన్నది, ఇంజన్ నడిపిచ్చి ఇంటికి పోత అన్నడు. తెల్లారి నడిపిచ్చిండు. నీళ్ళు గింత మందాన దూకినయ్. ఎవలున్నరు చూడనీకి? మేం నలుగురం. గా మాపటికే వాంతులు."

"ఎవరూ దగ్గరికి రాలేదా అండి?"

"మా అవ్వ పోయింది. గంజి కాసి పోసింది, ఒకటిన్నర దినం. నీకు సుత అంటుకుంటదే అని మా నాయిన కొట్లాడిండు. ఇనలే. నన్ను మాత్రం రానియ్యలే, దూరంకెల్లి చూసిన. కాలవెట్టొద్దు, బొందవెట్టున్రి అన్నడట. బిడ్డ పేరు మస్తు సార్లు తల్సుకున్నడట. గా పేరు మా అవ్వకు నోరు తిరగలే బిడ్డా, నాకు చెప్పలే."

మా అమ్మ పేరు ఎలిజబెత్.

"మీ అమ్మగారికి ఎంత ధైర్యమండి" అన్నాను.

లసుమవ్వ మళ్ళీ ఒక ఆకు తీసుకుంది. "ధైర్యం ఏముంది. నా కొడుకు మస్కట్ల ఉన్నడు. దేశం గాని దేశంల జరం వస్తే గింత గంజి పోసెటోళ్ళు ఒక్కరన్న ఉండాలె గదా."

బావి దగ్గర

బావి నిజంగానే గుండ్రంగా ఉంది. గడ్డ మీద పాత సున్నపు దిమ్మె, దానిలోంచి నాలుగు బోల్టులు తుప్పు పట్టి పైకి లేచి ఉన్నాయి. తాతయ్య తర్వాత ఆ ఇంజను నడపడం ఎవరికీ రాలేదట. ఏళ్ళ తర్వాత ఇనుము కింద అమ్మేశారు. ఆయన్ని పూడ్చింది బావికి ఇరవై అడుగుల దూరంలో, గట్టు వార. గుర్తుగా నాలుగు రాళ్ళ కుప్ప. చేను ఇప్పటికి ఇద్దరు ముగ్గురి చేతులు మారింది. అయినా ఆ కుప్ప దగ్గర నాగలి పక్కకు తిప్పుతారని పంతులు గారు చెప్పాడు. ఎందుకు తిప్పుతారో ఇప్పటి రైతుకు తెలీదు. వాళ్ళ నాన్న తిప్పాడు, ఇతనూ తిప్పుతున్నాడు.

ప్రార్థన చేసుకుందామని నిలబడ్డాను. "నడిచిందటగా తాతయ్యా, ఇంజను" అని మాత్రం అన్నాను.

ఏడుపు వస్తుందనుకున్నాను, ఆకలి వేసింది. రెండు రోజులుగా సరిగా తినలేదని అప్పుడు తెలిసింది. లసుమవ్వ కోడలు మక్క గట్క, పచ్చిపులుసు పెట్టింది. మక్క గట్క అంటే మొక్కజొన్న రవ్వతో వండిన సంకటి లాంటిది. మూడుసార్లు వడ్డించుకున్నాను. చివరికి ఆవిడే గిన్నె వంచి చూపించింది, అయిపోయిందని.

కాకినాడ

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. అమ్మ వరండాలో కూచుని ఉంది. కాళ్ళు కడుక్కోకుండానే ఎదురుగా కూచుని మొదట్నుంచీ చెప్పాను. పంతులు గారు రాసిచ్చిన కాగితం చదివాను. బీవీ ఏక్, లడకీ ఏక్ దగ్గర అమ్మ చెయ్యెత్తింది. ఆపి, మళ్ళీ చదివాను. ఆయ్ సంగతి చెప్పినప్పుడు ఆమె పెదవులు కదిలాయి, నవ్వో కాదో చెప్పలేను. గత్తర అనగానే చూపు దించుకుంది.

అంతా విన్నాక కాగితం అందుకుని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "పక్కన ఒక ఆడమనిషి ఉందన్నమాట" అంది.

"ఉందమ్మా. ఒకటిన్నర రోజు."

"ఆవిడ పోయుంటుంది."

"ఎప్పుడో పోయింది. కూతురుంది, లసుమవ్వ. నాతో మాట్లాడింది ఆవిడే."

అమ్మ నా చేతుల వంక చూసింది. "ఆ ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళావా నువ్వు?"

నిజంగానే ఉత్త చేతులతో వెళ్ళాను, పైగా వాళ్ళ గట్క మొత్తం తినొచ్చాను.

"సిగ్గులేకపోతే సరి" అని లేచింది. లోపలికి వెళ్ళి తానే కంచం పెట్టుకుంది. కూరా చారూ మజ్జిగా అన్నీ వేసుకుని, ఎక్కడా ఆగకుండా, అడుగు కనిపించేదాకా తింది. చెయ్యి కడుక్కుంటూ వంటింట్లోంచే అడిగింది.

"కాజాలు పంపుదాం. ఆవిడకి పళ్ళున్నాయా?"

"ముందువి రెండే ఉన్నాయమ్మా."

"అయితే కాజాలొద్దు" అంది మా అమ్మ. "పూతరేకులు చెప్పు."